రియో గ్రాండే లోయలో పక్షులు చూసి రావడం ఎలా: అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం

టెక్సస్ పటంలో అన్నిటికంటే కింది కొసన, మెక్సికోను ఆనుకుని, రియో గ్రాండే నది సముద్రంలో కలిసేముందు పరుచుకున్న మైదానం ఒకటుంది. అక్కడివాళ్లు దాన్ని వ్యాలీ అంటారు. పేరుకే లోయ, చుట్టుపక్కల కొండన్నది కనిపించదు. మన డెల్టా పల్లెల్లాగే చదునుగా కూరగాయల పొలాలు, గ్రేప్‌ఫ్రూట్ తోటలు, వాటి మధ్య కాలువలు. హ్యూస్టన్‌లో, డాలస్‌లో ఏళ్ల తరబడి ఉంటున్న మనవాళ్లలో కూడా అక్కడికి వెళ్లినవాళ్లు తక్కువ. వెళ్లినా సౌత్ పాద్రే బీచ్ చూసుకుని వచ్చేస్తారు.

కానీ పక్షులంటే కొంచెం ఇష్టం ఉన్నా ఆ మూల మీకు వదలబుద్ధి కాదు. ఉష్ణమండలపు మెక్సికో పక్షులు ఉత్తరాన ఆఖరుగా వచ్చి ఆగేది ఇక్కడే. ఉత్తరాది నుంచి శీతాకాలానికి దిగే బాతులు, పిట్టలు చేరేదీ ఇక్కడికే. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ముళ్లపొదల మెట్ట, మధ్యలో నది వెంబడి అడవి. ఈ వ్యాలీలోని నాలుగు కౌంటీల్లో, అంటే జిల్లాల్లో, ఇప్పటిదాకా 500కు పైగా జాతుల పక్షులు నమోదయ్యాయి. అయితే ఇక్కడి సహజమైన అడవిలో 95 శాతానికి పైగా పొలాలకీ ఊళ్లకీ పోయింది. మిగిలింది చిన్న చిన్న ముక్కలు. పక్షులన్నీ ఆ ముక్కల్లోనే ఉంటాయి కాబట్టి మనకు చూడటం సులువవుతోంది. ఆ సులువు వెనకాల ఎంత పోయిందో మనసులో పెట్టుకుని వెళ్లండి.

నేను ఇప్పటికి అయిదుసార్లు వెళ్లాను. మొదటిసారి మూడు రోజుల్లో పదకొండు చోట్లు తిరిగి, తిరగడమే తప్ప ఏదీ సరిగ్గా చూడలేదు. తర్వాత నేర్చుకున్న నాలుగు రోజుల పద్ధతి కింద రాస్తున్నాను.

ముందు నెల తేల్చుకోండి

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం. అందులోనూ రెండు కాలాలు వేరు. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎండ మన సంక్రాంతి ఎండలా హాయిగా ఉంటుంది, దోమలు తక్కువ, పక్షులకు మేత పెట్టే చోట్లు నిండుగా ఉంటాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే. క్రిస్మస్ సెలవులు చక్కగా సరిపోతాయి.

మార్చి చివరి నుంచి ఏప్రిల్ అంతా వలస కాలం. గద్దలు వేలకొద్దీ సుడులు తిరుగుతూ ఉత్తరానికి పోతాయి, సముద్రం దాటిన చిన్న పిట్టలు తీరాన దిగుతాయి. అది మహా గొప్పగా ఉంటుంది గానీ గాలివాటం మీద ఆధారపడిన వ్యవహారం. ఒక రోజు చెట్టు చెట్టుకీ పిట్ట, మర్నాడు బోసి. రెండోసారి వెళ్లేవాళ్లు ఏప్రిల్ పెట్టుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రం వద్దు. ఉదయం తొమ్మిదికే ఎండ నెత్తి మాడ్చేస్తుంది.

నవంబరులో హార్లింజెన్‌లో పక్షుల పండుగ ఒకటి జరుగుతుంది, రియో గ్రాండే వ్యాలీ బర్డింగ్ ఫెస్టివల్ అని. 1994లో మొదలైంది. గైడ్‌లతో బస్సు యాత్రలు ఉంటాయి. ఒంటరిగా వెళ్లేవాళ్లకు అది మంచి దారి, కాకపోతే సీట్లు ముందుగానే బుక్ చేసుకోవాలి.

కాగితాలు: బైనాక్యులర్స్ కంటే ముందు సర్దాల్సినవి

ఈ భాగం దయచేసి దాటేయకండి.

వెళ్లేటప్పుడు మిమ్మల్ని ఎవరూ ఆపరు. తిరిగి వచ్చేటప్పుడు, సరిహద్దు నుంచి చాలా మైళ్లు ఉత్తరాన, హైవే మీదే బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్లు ఉంటాయి. 281 రోడ్డు మీద ఫాల్ఫురియస్ దగ్గర ఒకటి, 77 రోడ్డు మీద సారిటా దగ్గర ఒకటి. ఈ రెండు రోడ్లలో దేని మీద వచ్చినా ప్రతి కారూ ఆగాల్సిందే. అమెరికా పౌరులా అని అడుగుతారు. కాదంటే కాగితాలు చూపించాలి.

అసలు 18 ఏళ్లు నిండిన విదేశీయులు తమ స్టేటస్ పత్రాలు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది ఇక్కడి చట్టం. ఊళ్లో ఉన్నప్పుడు మనం పట్టించుకోం, ఇక్కడ పట్టించుకోవాలి. గ్రీన్ కార్డు ఉంటే ఆ కార్డే, ఫొటో కాదు. హెచ్-1బి, హెచ్-4 వాళ్లయితే పాస్‌పోర్టు, ఐ-797 అప్రూవల్ కాగితం, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) ప్రింట్. విద్యార్థులకు పాస్‌పోర్టు, ఐ-94తో పాటు ఐ-20 ఉండాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు పాస్‌పోర్టు, ఐ-94 ప్రింట్. ఐ-94ను ప్రభుత్వ వెబ్‌సైట్‌లో డబ్బు కట్టకుండానే తీసుకోవచ్చు, ఎవరైనా ఫీజు అడిగితే అది అసలు సైట్ కాదు. ఇక్కడే పుట్టిన పిల్లలకు వాళ్ల అమెరికా పాస్‌పోర్టు పట్టుకెళ్తే మాట పెరగదు.

ఇవన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి, ఆ ఫోల్డరు ముందు సీటు దగ్గర ఉంచుకోండి. నా మొదటి ప్రయాణంలో కాగితాలన్నీ జాగ్రత్తగా తెచ్చి, వాటిని పెట్టెలో పెట్టి, పెట్టెను డిక్కీలో అడుగున పడేశాను. వెనక కార్లు వరుస కట్టి ఉండగా పక్కకు తీయించి డిక్కీ ఖాళీ చేయాల్సి వచ్చింది. పావుగంటలో పని అయిపోయింది, ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఆ పావుగంటలో మా అత్తయ్య ముఖం చూస్తే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దవాళ్లను ఆ టెన్షన్ పెట్టకండి. చెక్‌పాయింట్ వస్తుందనీ, యూనిఫాం వాళ్లు రెండు మాటలు అడుగుతారనీ ముందే చెప్పి ఉంచండి.

మీ స్టేటస్ ఏదైనా మార్పులో ఉంటే, పాత గడువు అయిపోయి కొత్తది రావాల్సి ఉంటే, బయల్దేరకముందే మీ లాయరును అడగండి. ఇంకొకటి: నది అవతలి ఊళ్లకు బ్రిడ్జి మీద నడిచి వెళ్లిరావచ్చని హోటల్లో చెబుతారు. వీసా మీద ఉన్నవాళ్లు ఆ సరదాకు పోవద్దు. ఫోను ఒక్కోసారి మెక్సికో నెట్‌వర్క్ పట్టుకుంటుంది, రోమింగ్ ఆపి పెట్టుకోండి.

ఎలా చేరాలి, ఎక్కడ దిగాలి

హ్యూస్టన్ నుంచి కారులో అయిదున్నర గంటలు, ఆస్టిన్ నుంచి అయిదు, డాలస్ నుంచి ఎనిమిది పట్టవచ్చు. విమానమైతే మెకాలెన్‌కు గానీ హార్లింజెన్‌కు గానీ తీసుకుని, అక్కడ కారు అద్దెకు తీసుకోండి. కారు లేకుండా ఈ యాత్ర కుదరదు.

హ్యూస్టన్ వైపు నుంచి 77 మీద వచ్చేవాళ్లు కింగ్స్‌విల్లేలో పెట్రోలు నింపుకోండి. ఆ తర్వాత రేమండ్‌విల్లే దాకా దాదాపు అంతా పశువుల బీళ్లే, బంకులు చాలా తక్కువ. ఆ దారిలో కంచె స్తంభాలు చూస్తూ ఉండండి. నల్ల టోపీ పెట్టినట్టు తల, నారింజరంగు ముఖంతో కూర్చున్న పెద్ద పక్షి కారకారా. గద్దలా కనిపించినా అది డేగల కుటుంబంలోది. అదే దారిలో ఒక్కోసారి మన నీల్గాయ్ కూడా కనిపిస్తుంది. నిజంగా మనదే. కింగ్ రాంచ్ అనే ఇక్కడి పెద్ద పశువుల బీడు వాళ్లు 1920లలో తెచ్చి వదిలారు, ఇప్పుడవి వేలల్లో ఉన్నాయి. మా నాన్న కారు ఆపించి మరీ చూశారు.

బసకు వెస్లకో గానీ మెకాలెన్ గానీ ఎంచుకోండి. వెస్లకో చిన్న ఊరు, కానీ మధ్యలో ఉంటుంది, అటు సముద్రానికీ ఇటు పడమటి వైపుకీ పోవచ్చు. నాలుగు రాత్రులూ ఒకే హోటల్. రోజూ పెట్టెలు సర్దే పని పెట్టుకుంటే ఉదయాలు పోతాయి, ఈ యాత్రంతా ఉదయాల మీదే ఉంది.

సామాను, ఇంటి దగ్గర వారం రోజుల సాధన

బైనాక్యులర్స్ 8×42 కొనండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 మిల్లీమీటర్ల అద్దం కాబట్టి తెల్లవారుజామున కూడా వెలుతురు సరిపోతుంది. పది రెట్లది కొంటే ఇంకా బాగుంటుందనుకుంటాం గానీ చెయ్యి వణికినప్పుడు బొమ్మ కూడా పదింతలు వణుకుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి తిప్పుకోండి. ఇద్దరికి ఒకటి అనుకోవద్దు, పక్షి ఎగిరిపోయేది సరిగ్గా చేతులు మారేటప్పుడే.

కొన్నాక ఇంటి వెనక వారం రోజులు సాధన చేయండి. పద్ధతి ఒకటే: ముందు మామూలు కంటితో పిట్టను చూడాలి, చూపు దాని మీదనుంచి తీయకుండా బైనాక్యులర్స్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. కిందకు చూసి, సర్దుకుని, మళ్లీ పైకి వెతికితే ఎప్పటికీ దొరకదు. పిల్లలకు ఇది రెండు రోజుల్లో వస్తుంది, మనకే వారం పడుతుంది.

ఫోన్లో మెర్లిన్, ఈబర్డ్ అనే రెండు యాప్‌లు వేసుకోండి. రెండూ కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షి పరిశోధనశాలవే, ఉచితం. మెర్లిన్‌లో టెక్సస్ ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. చుట్టూ వినిపించే కూతలు విని పేర్లు చెబుతుంది. అది చెప్పగానే రాసేసుకోకండి, కంటితో చూశాకే లెక్క. ఈబర్డ్‌లో ఏ పార్కులో నిన్న ఏం కనిపించిందో ఉంటుంది. రోజూ రాత్రి పడుకోబోయే ముందు చూసుకుంటే మర్నాడు ఎక్కడ నిలబడాలో తెలుస్తుంది.

ఫుల్ ప్యాంటు, కాళ్లు మూసే బూట్లు, టోపీ, దోమల స్ప్రే, నీళ్లు. చెప్పులతో గడ్డిలోకి దిగితే ఫైర్ యాంట్స్ అనే ఎర్ర చీమలు వదలవు.

మొదటి రోజు: ఎస్టెరో యానో గ్రాండేలో ఒకే చోట కూర్చోండి

వెస్లకో ఊరి చివరే ఈ స్టేట్ పార్కు. 2006లో తెరిచారు, 230 ఎకరాలు. పెద్దదేమీ కాదు, కానీ ఒక్క పార్కుకే టైముందంటే నేను పోయేది ఇక్కడికే. కారు దిగి కాసేపు నడిస్తే విజిటర్ సెంటర్, దాని వెనక చెరువు మీదికి పెద్ద చెక్క అరుగు, నీడ, బెంచీలు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో 12 ఏళ్ల దాకా పిల్లలకు టికెట్ లేదు.

ఆ అరుగు మీద గంటసేపు కదలకుండా కూర్చోండి. పిల్లలకు ఏదైనా తినడానికి ఇచ్చి కూర్చోబెట్టండి. ముందు నల్ల పొట్ట, ఎర్ర ముక్కు ఉన్న విజిలింగ్ డక్స్ గుంపు కనిపిస్తుంది. తర్వాత మన బుడుబుంగ లాంటిది ఒకటి పసుపు కన్నుతో నీళ్లలో మునిగి తేలుతుంది, అది లీస్ట్ గ్రీబ్. పావుగంట గడిచేసరికి పక్షులు మనల్ని మర్చిపోతాయి. అప్పుడు గట్టు మీద చిన్న కొమ్మకు పచ్చటి లకుముకి పిట్ట వచ్చి వాలుతుంది, పిచ్చుక కంటే కొంచెమే పెద్దది, ముక్కు మాత్రం దాని ఒంటికి మించినది. అమెరికాలో మూడు రకాల లకుముకి పిట్టలున్నాయి, మూడూ ఈ లోయలో కనిపిస్తాయి. వాటిలో పెద్దది, ఇటుకరంగు పొట్టది, రింగ్డ్ కింగ్‌ఫిషర్. తీగల మీద కూర్చుని గరగరమని అరుస్తుంది.

అరుగు దగ్గర వలంటీర్లు ఉంటారు. చాలామంది మిన్నెసోటా, ఐయోవా లాంటి చలి రాష్ట్రాల నుంచి చలికాలమంతా ఇక్కడ గడపడానికి వచ్చే రిటైర్ అయినవాళ్లు, వింటర్ టెక్సన్స్ అంటారు. మొహమాటపడకుండా వెళ్లి, ఇవాళ పారాకీ ఎక్కడుందని అడగండి. ఆ ప్రశ్న వినగానే వాళ్ల మొహాలు వెలిగిపోతాయి.

పారాకీ రాత్రి తిరిగే పక్షి. పగలంతా నేల మీద ఎండుటాకుల్లో పడుకుంటుంది. ఎలిగేటర్ పాండ్ అనే మడుగు పక్కన కాలిబాట వెంబడే పడుకోవడం దానికి అలవాటు. మేము వెళ్లినప్పుడు ఒక వలంటీరు తీసుకెళ్లి నిలబెట్టి, "మీ ముందే ఉంది, ఆరడుగులు కూడా లేదు" అంది. నేను చూస్తున్నా కనబడదు. మా ఆయనకు కనబడదు. పిల్లలు విసుక్కుంటున్నారు. మా నాన్న చేతికర్ర మీద ఆనుకుని అయిదు నిమిషాలు మాట్లాడకుండా చూసి, మెల్లిగా అన్నారు: "అమ్మాయ్, ఆ ఆకు ఊపిరి పీలుస్తోంది."

అప్పుడు చూశాను. రెండు పుల్లల మధ్య, గోధుమరంగు ఆకుల్లో, భుజం మీద నల్లటి మచ్చలు, మచ్చల చుట్టూ లేత అంచు. పక్కనే రాలిన ఆకుల మీద కుళ్లిన మచ్చలు అచ్చం అలాగే ఉన్నాయి. కన్ను ఒక సన్నటి గీత అంత తెరిచి ఉంది. మమ్మల్నే చూస్తోంది. మా పల్లె రోడ్డు మీద రాత్రిపూట బండి లైటుకు ఎర్రటి కళ్లు మెరిసి ఎగిరిపోయే పక్షులుండేవి. అవి వీటి చుట్టాలేనని నాన్న గుర్తుపట్టారు. నేను అదే రోడ్డు మీద పెరిగాను, నాకు గుర్తు రాలేదు.

దాన్ని చూసేటప్పుడు కాలిబాట దిగకండి, ఫ్లాష్ వేయకండి. లేచి ఎగిరిందంటే పగటి వెలుగులో దానికి ప్రమాదం.

రెండో రోజు: బెంట్సెన్‌లో ఉదయం, ఊళ్లో సాయంత్రం

మిషన్ ఊరి దగ్గర బెంట్సెన్-రియో గ్రాండే వ్యాలీ స్టేట్ పార్కు. సౌత్ పాద్రే నుంచి పడమట రోమా దాకా దాదాపు 120 మైళ్ల పొడవునా తొమ్మిది చోట్లను కలిపి వరల్డ్ బర్డింగ్ సెంటర్ అన్నారు, దానికి ముఖ్య కేంద్రం ఇదే. లోపలికి కార్లు రానివ్వరు, అదే దీని గొప్పతనం. నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు, ట్రామ్ నడిచే రోజుల్లో పెద్దవాళ్లు దాంట్లో వెళ్లొచ్చు. ట్రామ్ ఏ రోజుల్లో ఉందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

తెల్లవారగానే చేరుకోండి. మొదట వినిపించేది చాచలాకాల గోల. నాటుకోడి అంత పక్షులు, తోక పొడుగు, చెట్ల మీద ఉంటాయి. ఒకటి "చా-చా-లాక్" అంటుంది, పక్క చెట్టు మీదిది అందుకుంటుంది, అడవంతా అంటుకుంటుంది. రెండోది కిస్కడీ. పసుపు పొట్ట, ముఖం మీద నలుపు తెలుపు చారలు, తన పేరు తనే అరుస్తుంది.

తర్వాత మేత పెట్టే చోటికి పోయి బెంచీ మీద కూర్చోండి. చలికాలంలో అక్కడ దుంగల కన్నాల్లో వేరుశనగ ముద్ద కూరి పెడతారు, సగం కోసిన నారింజకాయలు మేకులకు గుచ్చుతారు. గ్రీన్ జే వచ్చేది ఇక్కడికే. ఫొటోల్లో చూసి వెళ్లినా ఎదురుగా చూస్తే నమ్మబుద్ధి కాదు. నీలం తల, గొంతు కింద నల్లటి పట్టీ, చిలకపచ్చ వీపు, ఎగిరినప్పుడు తోకకు రెండు పక్కలా మెరిసే పసుపు. ఇంత అలంకారమూ కాకి కుటుంబంలోది! బుద్ధులు కూడా కాకివే. ఒకటి ముద్ద తవ్వుకుంటుంటే మిగతావి కొమ్మ మీద వరుసలో ఆగి, అది తల తిప్పగానే ఎత్తుకుపోతాయి. ఈ తమాషా అరగంట చూడాలి. ఫొటో తీసుకుని రెండు నిమిషాల్లో లేచిపోయేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

నారింజకాయలకు ఆల్టమీరా ఓరియోల్ వస్తుంది. మన వంగపండు పిట్టను చూసినవాళ్లు అలాంటిదే అనుకుంటారు గానీ చుట్టరికం లేదు. ఇది నిప్పురంగులో ఉంటుంది. దీని గూడు కోసం పైకి చూడండి. మన గిజిగాడి గూడులా కొమ్మ చివర సంచిలా వేలాడుతుంది, రెండడుగుల దాకా పొడుగుంటుంది. అయితే గిజిగాళ్లు ఊరంతా ఒకే చెట్టుకు కడతాయి, ఇది ఒంటరిగా కడుతుంది.

మార్చి చివర, ఏప్రిల్‌లో వెళ్తే ఇక్కడ గద్దలను చూడటానికి కట్టిన హాక్ టవర్ ఎక్కండి. పొద్దు ఎక్కి గాలి వేడెక్కాక బ్రాడ్-వింగ్డ్ హాక్స్ అనే గద్దలు ఒక సుడిలో వందల కొద్దీ పైకి లేస్తాయి.

మధ్యాహ్నం పడుకోండి. పక్షులూ పడుకుంటాయి. సాయంత్రం పొద్దుగూకే ముందు మెకాలెన్‌లో గానీ బ్రౌన్స్‌విల్లేలో ఒలివేరా పార్కు దగ్గర గానీ నిలబడితే చిలకల గుంపులు వస్తాయి. రెడ్-క్రౌన్డ్ పారట్స్, నుదురు ఎర్రగా ఉంటుంది. మెక్సికో ఈశాన్య భాగంలో పుట్టిన జాతి, అక్కడ బాగా తగ్గిపోయి ప్రపంచవ్యాప్తంగా అంతరించే ప్రమాదంలో ఉంది. ఇక్కడ ఇళ్ల మధ్య కరెంటు తీగల మీద గోలగోలగా చేరుతుంది. అవి రాత్రి ఉండే చోటు మారుతుంటుంది కాబట్టి ఈబర్డ్ చూసుకుని వెళ్లండి. అది జనం ఉండే వీధి, రోడ్డు మీద నుంచే చూడండి, ఎవరి పెరట్లోకీ కెమెరా తిప్పకండి.

మూడో రోజు: సాంటా ఆనా, కుదిరితే సేబల్ పామ్

సాంటా ఆనా నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్, అంటే వన్యప్రాణుల అభయారణ్యం, 1943లో ఏర్పడింది, 2,088 ఎకరాలు. చెట్ల నుంచి స్పానిష్ మాస్ అనే బూడిదరంగు మొక్క గడ్డాల్లా వేలాడుతుంటుంది. చెట్ల తలల ఎత్తున వేలాడే వంతెన, నలభై అడుగుల టవర్ ఉన్నాయి. నది పక్కనే, టవర్ మీంచి చూస్తే అటు మెక్సికో. 1953లో పైన ఫాల్కన్ డ్యాం కట్టాక వరదలు ఆగిపోయాయి, వరద మీద బతికిన ఈ అడవి ఎండిపోతూ వచ్చింది. ఇప్పుడు చెరువులకు నీళ్లు మనుషులే పెట్టాల్సి వస్తోంది. అందుకే వెళ్లగానే ఏ చెరువులో నీళ్లున్నాయో కనుక్కుని అటే నడవండి.

బ్రౌన్స్‌విల్లే చివర్లో సేబల్ పామ్ శాంక్చురీ ఉంది. పక్షుల సంరక్షణ చూసే ఆడుబాన్ సంస్థ స్థలం, 557 ఎకరాలు. నది ఒడ్డున ఒకప్పుడు మైళ్ల పొడవునా ఉన్న తాటివనాల్లో మిగిలిన ముక్క. ఆకు విసనకర్రలా మన తాటాకును గుర్తుచేస్తుంది. లోపల 1892 నాటి పాత ఇల్లు. అక్కడికి వెళ్లాలంటే సరిహద్దు గోడకు ఉన్న ఖాళీ గుండా అవతలికి పోవాలి. అంటే ఇంకా అమెరికాలోనే ఉంటాం గానీ గోడకు దక్షిణాన ఉంటాం. మొదటిసారి గుండె దడదడలాడుతుంది. బోర్డర్ పెట్రోల్ వాళ్లు ఆపి ఎందుకొచ్చారంటే "బర్డింగ్" అనండి, ఆ మాట ఇక్కడ అందరికీ తెలుసు. కాగితాల ఫోల్డరు ఈ రోజు కూడా వెంట ఉండాలి. తెరిచే రోజులు, వేళలు మారుతుంటాయి, ముందు రోజు చూసుకోండి. నది అంచుల్లో డ్రోన్ మాత్రం ఎగరేయకండి. రెఫ్యూజుల్లో అది నిషేధం.

నాలుగో రోజు: సముద్రం

సౌత్ పాద్రే ఐలండ్‌లో బర్డింగ్ సెంటర్ ఉంది, ద్వీపానికీ ఒడ్డుకీ మధ్యనున్న లగూనా మాద్రే అనే ఉప్పుకయ్య మీదికి చెక్క వంతెనలు వేశారు. మోకాలి లోతు ఉప్పునీళ్లు. గులాబీరంగు తెడ్డుమూతి కొంగలు, తెల్లటి గూడబాతులు. గుంటూరు పక్క ఉప్పలపాడులో గూడబాతులు చూసిన కళ్లకు ఇవి ఇంకా తెల్లగా, ఇంకా భారీగా ఉంటాయి.

ఇక్కడ వెతకాల్సింది రెడిష్ ఈగ్రెట్. మన కొంగ ఒంటికాలి మీద జపం చేస్తుంది కదా, ఇది అలా కాదు. నీళ్లలో పరుగెత్తుతుంది, ఠక్కున ఆగుతుంది, తూలుతుంది, రెండు రెక్కలూ గొడుగులా ముందుకు పట్టి నీడ చేసుకుని ఆ నీడలోకి చూస్తుంది. ముక్కు ఒక్క పోటు. మళ్లీ పరుగు. మా చిన్నది దీని వెనకే వంతెన మీద అటూ ఇటూ నలభై నిమిషాలు తిరిగింది.

ఏప్రిల్‌లో ఉత్తరపు గాలి, వాన కలిసి వచ్చిన రోజు మీరు అక్కడుంటే, అనుకున్న పనులన్నీ ఆపేసి ఈ ద్వీపానికే రండి. మెక్సికోలోని యుకతాన్ నుంచి రాత్రంతా సముద్రం మీద వెయ్యి కిలోమీటర్ల దాకా ఎగిరి వచ్చిన వార్బ్లర్లనే చిన్న పిట్టలు ఎదురుగాలికి అలసిపోయి కనిపించిన మొదటి చెట్టు మీద రాలిపోతాయి. ఫాలౌట్ అంటారు. బొటనవేలంత పిట్టలు గడ్డిలో మన బూట్ల దగ్గరే పురుగులు ఏరుకుంటాయి. భయపడే ఓపిక కూడా ఉండదు వాటికి. ఆ రోజు దగ్గరికి పోవద్దు. పిల్లల చేయి పట్టుకుని నిలబడి చూడండి, వాటిని తిననివ్వండి.

తిరుగు దారిలో రోడ్డు మీద నెమ్మదిగా నడపండి. ఆ చుట్టుపక్కల లగూనా అటాస్కోసా రెఫ్యూజ్ ప్రాంతంలో ఆసెలాట్ అనే చుక్కల అడవిపిల్లి ఉంది. అమెరికా మొత్తంలో వందలోపే మిగిలాయి, వాటి చావుల్లో ఎక్కువ కార్ల కిందే.

అయిదో రోజు దొరికితే పడమటికి, సాలినేన్యో అనే నది ఒడ్డు పల్లెకు వెళ్లండి. మెకాలెన్ నుంచి గంటకు పైగా ప్రయాణం. చలికాలంలో వలంటీర్లు మేత పెట్టి కుర్చీలు వేస్తారు, ఆడుబాన్స్ ఓరియోల్ అనే పసుపు పిట్ట దొరికే చోటు అది.

తిండి సంగతి

శాకాహారులు జాగ్రత్తగా అడగాలి. టెక్స్-మెక్స్ హోటళ్లలో బీన్స్ ముద్దలోనూ గోధుమ టోర్టియాల్లోనూ పంది కొవ్వు కలపడం మామూలే. మాంసం లేదు కదా అని తినేస్తాం. "సిన్ మాంతెకా?" అని అడగండి, కొవ్వు లేకుండానా అని అర్థం. మొక్కజొన్న టోర్టియాలు సాధారణంగా ఇబ్బంది లేనివి. పార్కులకు మాత్రం పులిహోర పట్టుకెళ్తే హాయి. పొద్దున్నే ఆరింటికి బయల్దేరేవాళ్లకు అంతకంటే తేలికైన టిఫిన్ లేదు. తిన్నాక ఒక్క మెతుకు కూడా పక్షులకు వేయకండి, గ్రీన్ జే ఎంత దగ్గరికొచ్చి అడిగినా సరే.

ఫోన్లో పక్షి కూత పెట్టి పిలవడం కూడా వద్దు. నిజంగా ఇంకో పక్షి వచ్చి తన చోటు లాక్కుంటోందని అది కంగారుపడుతుంది. రోజుకు వందమంది పెడితే ఆ ప్రాణి తినేదెప్పుడు?

తిరుగు ప్రయాణం రోజు

ఉదయం ఎస్టెరోకు మళ్లీ వెళ్లండి. కొత్త చోటు కాదు, అదే అరుగు. మొదటి రోజు పేరు తెలియని పిట్టలను ఈసారి పిల్లలే పేరు పెట్టి చూపిస్తారు. వలంటీర్లకు థాంక్స్ చెప్పి, పది గంటలకల్లా బయల్దేరండి. రోడ్డెక్కే ముందు కాగితాల ఫోల్డరు ఒళ్లో ఉందో లేదో చూసుకోండి. చెక్‌పాయింట్ దాటాక కంచె స్తంభాల మీద కారకారాలు లెక్కపెట్టే పని పిల్లలకు అప్పజెప్పండి. కిందటిసారి మావాళ్లు కింగ్స్‌విల్లే వచ్చేలోగా పద్నాలుగు లెక్కపెట్టారు.